పడమటి మూల కాలికి పసుపు

ఈ దేశంలో మనవాళ్ల ఇంట్లో ఏ పుట్టినరోజుకు వెళ్లినా, ప్లేటులో పులిహోర పడీ పడకముందే ఒక ప్రశ్న వస్తుంది. "ఏ కంపెనీ అండీ?" మా ఆయన్ని అడిగితే ఏదో బ్యాంకు, ఏదో ప్రాజెక్టు అని చెప్పుకునేవారు. నన్ను అడిగితే "ఇళ్లు వంకర లేకుండా నిలబెడతానండీ" అనేదాన్ని. ఆర్కిటెక్టు అనుకుని ఒక్క క్షణం గౌరవంగా చూసేవారు. "చక్రాల ఇళ్లు" అని ముక్క కలిపేసరికి ఆ గౌరవం కాస్తా పులిహోర మీదకు మళ్లేది.

నేను తెనాలి దగ్గర పుట్టి, పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివినదాన్ని. పెళ్లయి నాటింగ్‌హామ్ వచ్చాక కొన్నాళ్లు సూపర్‌మార్కెట్‌లో బిల్లులు కొట్టే టిల్ మీద కూర్చున్నాను. ఒకరోజు బస్సులో వెళ్తుంటే ఊరి చివర కారవాన్ యార్డు, దాని గేటుకు మనుషులు కావాలన్న బోర్డు కనిపించాయి. దిగి లోపలికి వెళ్లాను. రిటైరయ్యేదాకా బయటికి రాలేదు.

ఈమధ్య ఆ యార్డులో కొత్తగా చేరిన పిల్లలు నన్ను టీకి పిలిచి, ఇన్నేళ్లలో మరిచిపోలేని పని ఏదో చెప్పమన్నారు. చెప్పాను. నవ్వారు. కానీ పసుపు గురించి ఇంగ్లీషులో ఎంత చెప్పినా సగమే చెప్పినట్టు ఉంటుంది. అందుకే మిగతా సగం కూడా కలిపి మన భాషలో చెప్తున్నాను. ఈ పనిలోకి మన పిల్లలెవరైనా వస్తే వాళ్లకూ పనికొస్తుంది, రాకపోతే నవ్వుకోవడానికైనా పనికొస్తుంది.

పని చూడ్డానికి చిన్నదే. కారవాన్‌ను తెచ్చి గడ్డి మీద నిలిపాక ముందు అడ్డంగా మట్టం చూడాలి. పల్లంగా ఉన్న వైపు చక్రం కింద పలకలు పెట్టి ఎత్తాలి. ఆ తర్వాత ముందు జాకీతో పొడుగునా మట్టం కుదర్చాలి. మన తాపీ మేస్త్రీలు రసమట్టం అంటారే, బుడగతో మట్టం చూసేది, అదే మాకూ పనిముట్టు. అంతా కుదిరాక నాలుగు మూలలా ఉండే ఇనుప కాళ్లను హ్యాండిల్‌తో తిప్పి నేలకు ఆనించాలి. ఆనించడం వరకే, ఎత్తకూడదు. ఆ కాళ్లున్నది బండి ఊగకుండా పట్టుకోవడానికి, బరువు మోయడానికి కాదు. ఈ ఒక్క ముక్క చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది.

కొన్ని పెద్ద బళ్లకు ఇంకో హంగు ఉంటుంది. బటన్ నొక్కితే బల్లలోంచి సొరుగు వచ్చినట్టు గోడతో, కిటికీతో, మంచంతో సహా ఒక గది బయటికి జరుగుతుంది. లోపల అడుగు పెట్టే చోటు లేని బండి కాస్తా హాలున్న ఇల్లయిపోతుంది. కానీ బండి మట్టంగా లేకపోయినా, చట్రం కొంచెం మెలితిరిగినా ఆ గది మొండికేస్తుంది. దాని దగ్గర మన దబాయింపులు సాగవు.

అలాంటి బండినే నాటింగ్‌హామ్‌లో ఉండే ఒక నంద్యాల కుటుంబం తీసుకుంది. తండ్రి సాఫ్ట్‌వేర్. తల్లి ఆసుపత్రిలో నర్సు. వాళ్లకు ఒక్కతే కూతురు, పదిహేనేళ్ల పిల్ల. చిన్నప్పుడు వచ్చిన జబ్బుతో కాళ్లు పోయాయి, చక్రాల కుర్చీలో తిరుగుతుంది. బండి చూసుకోవడానికి యార్డుకు వచ్చిన రోజున తండ్రి హీటింగ్ గురించి, తల్లి ఫ్రిజ్ గురించి నా బుర్ర తినేశారు. వాళ్లు అటు వెళ్లాక ఆ పిల్ల నా దగ్గరికి కుర్చీ తోసుకుంటూ వచ్చింది. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం ఇంగ్లీషులోనే, అదీ అచ్చం ఇక్కడి యాసలో.

"ఆంటీ, ఇందులో బ్రేకు వేయకుండా కూర్చోవచ్చా?"

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. సెలవులకు వెళ్లిన ప్రతి కాటేజీలోనూ, ప్రతి అద్దె కారవాన్‌లోనూ నేల ఎటో ఒక పక్కకు వాలే ఉంటుందట. మనలాంటివాళ్లకు తెలియదు, చక్రాలకు తెలుస్తుంది. పళ్లు తోముకోవాలన్నా ఒక చేత్తో సింకు పట్టుకోవాలి. పుస్తకం పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంటే మెల్లగా జారి వెళ్లి అలమారకు గుద్దుకుంటుంది. "బ్రేకు వేసుకోవచ్చు కదా" అన్నాను. "మీరు కూర్చున్నప్పుడల్లా బెల్టు పెట్టుకుంటారా?" అంది.

"బ్రేకు అక్కర్లేదు. నాదీ పూచీ" అని ఆ పిల్లకు మాటిచ్చాను.

పనిలో నా జతగాడు లీడ్స్ మనిషి, నాకంటే పెద్దాయన. పని చేస్తున్నంతసేపూ ఈల వేస్తుంటాడు. ఈల ఆగిందంటే ఎక్కడో తేడా వచ్చిందని అర్థం. లింకన్‌షైర్ తీరంలో సముద్రం పక్కనే ఉన్న సైటుకు ఇద్దరం ఆ బండిని తీసుకెళ్లి, తూర్పున సముద్రం వైపు ఆ పిల్ల గది తెరుచుకునేలా నిలబెట్టాం. తలుపు, వంటగట్టు పడమటి వైపు. తలుపుకు ర్యాంపు బిగించాం. గదిని ఒకసారి తెరిచి చూశాం, వెన్నలా జరిగింది. రాత్రికి గాలి ఎక్కువగా ఉంటుందని మళ్లీ మూసేసి, ఆ రాత్రికి పక్కనే అద్దె గదిలో దిగిన తండ్రికి పొద్దున వచ్చి బటన్ నొక్కుకోమని చెప్పాం.

ఇదంతా చేస్తున్నంతసేపూ మా వెనకాలే ఒక పెద్దావిడ తిరుగుతూ ఉంది. పిల్ల అమ్మమ్మ. నంద్యాల నుంచి మనవరాలిని చూడ్డానికి వచ్చింది. చీర మీద అల్లుడి జాకెట్టు, కాళ్లకు బూట్లు, చేతిలో సంచి. ఏం చేస్తున్నా "ఇది ఏంటికమ్మా?" అని అడుగుతుంది. ఈ దేశంలో నా పని గురించి అంత శ్రద్ధగా అడిగినవాళ్లు లేరు. నేను ఉబ్బిపోయి అన్నీ విడమరిచి చెప్పాను. ఏ హ్యాండిల్ ఎటు తిప్పితే ఏ మూల లేస్తుందో కూడా చూపించాను. ఒక హ్యాండిల్ అక్కడే వదిలేశాను కూడా.

చివర్లో ఆవిడ గ్లాసుతో నీళ్లు తెచ్చి స్టవ్ మీద పెట్టి, కళ్లు చిట్లించి చూసింది. "పాలు పొంగిస్తే ఎటు పొంగుతాయమ్మా?"

మర్నాడు ఆ బండిలో పాలు పొంగించి గృహప్రవేశం చేస్తారట. నేను గొప్పగా చెప్పాను. "ఎటూ వంపు లేదు పెద్దమ్మా. అంత మట్టంగా ఉంది." ఆవిడ మొహం వాడిపోయింది. నేనేమో చలికి అనుకున్నాను.

పొద్దున్నే తండ్రి ఫోను. "అక్కా, గది రావడం లేదు. జానెడు వచ్చి కీచుమని ఆగిపోయింది. బటన్ నొక్కడం తప్ప నేనేం చేయలేదక్కా, ప్రామిస్!" పాలు పొంగించే ముహూర్తం మధ్యాహ్నం లోపే. తల్లి ఆసుపత్రిలో డ్యూటీ ముగించుకుని నేరుగా అక్కడికే వస్తుంది. గది తెరుచుకోకపోతే మంచం నడవలోనే ఉంటుంది, పిల్ల కుర్చీ గుమ్మం దాటి అడుగు కన్నా లోపలికి పోలేదు, అక్కడ తిరగడానికి చోటుండదు. అందరూ లోపల పాలు పొంగిస్తుంటే, ఎవరి కోసం ఆ బండి కొన్నారో ఆ పిల్ల బయట గడ్డిలో ఉంటుంది. బ్రేకు అక్కర్లేదని నేనిచ్చిన మాట దారి పొడుగునా చెవిలో మోగుతూనే ఉంది.

వెళ్లేసరికి పిల్ల బయట చాప మీద కుర్చీలో, ఒళ్లో దుప్పటి కప్పుకుని సముద్రం చూస్తోంది. "గుడ్ మార్నింగ్ ఆంటీ. నా గదికి సిగ్గు" అంది. నవ్వాను గానీ లోపల ఉడికిపోతున్నాను. రసమట్టం పెట్టి చూస్తే బుడగ మధ్యలో లేదు. నా జతగాడి ఈల ఆగిపోయింది.

"రాత్రి వానకు నేల దిగిందేమో" అన్నాడు ఇంగ్లీషులో. చక్రాల కింద చూశాం. పలకలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. నేల దిగలేదు. ఆయన పడమటి వైపు తలుపు పక్క మూలకు వెళ్లి, వంగి, "ఇలా రా" అన్నాడు. ఆ మూల ఇనుప కాలు కింద పెట్టిన పలక మట్టిలో సగం కూరుకుపోయి ఉంది. కాలును ఎవరో బలవంతంగా తిప్పి బండిని ఎత్తారు. అదే పడమటి వైపు రెండో మూల మాత్రం మేం వదిలినట్టే ఉంది. ఒక్క మూలే లేచేసరికి చట్రం మెలితిరిగి గది బిగుసుకుపోయింది.

నా జతగాడు అక్కడ పడి ఉన్న హ్యాండిల్ తీసి నాకిచ్చాడు. దాని పిడి పసుపుపచ్చగా ఉంది. ఇనుప కాలికి కూడా మూడు వేళ్ల పసుపు గీతలు, మధ్యలో కుంకుమ బొట్టు. "ఇది తుప్పు పట్టకుండా వేసే కొత్త రంగా?" అని అడిగాడు ఆయన, నిజంగానే.

నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. హ్యాండిల్ పట్టుకుని విసవిసా లోపలికి వెళ్లాను. పెద్దావిడ తలుపుకు ప్లాస్టిక్ మామిడాకుల తోరణం కడుతోంది. చేతులు మోచేతుల దాకా పసుపు.

"పెద్దమ్మా, ఇదేంటి?"

ఆవిడ హ్యాండిల్ వైపు చూసింది, నా వైపు చూసింది. దాచలేదు. "నేనేలేమ్మా తెల్లారకముందే వచ్చి తిప్పినా. బోరింగు కొట్టిన చేతులు గదా ఇవి. ఒక మూల లేపినా. రెండోది లేపబోతే భుజం పట్టుకునె. సరేలే, ఇంత చాల్లే అని వదిలేసినా."

"అత్తమ్మా!" అన్నాడు అల్లుడు, నోరెళ్లబెట్టి.

"ఏంటికి లేపారండీ అసలు?" కోపంలో నాకూ ఆవిడ మాటే వచ్చేసింది.

"పాలు తూర్పుకు పొంగల్ల గదమ్మా. నువ్వేమో ఎటూ వంపు లేదంటివి."

నా జతగాడు బయటినుంచి తల లోపలికి పెట్టి ఏమంటోందని అడిగాడు. పాలు కావాలనే పొంగిస్తారని, తూర్పుకు పొంగితే ఇంటికి మంచిదని నమ్ముతారని, అందుకని ఇంటినే వంచేసిందని చెప్పాను. ఆయన "కావాలనే పొంగిస్తారా?" అన్నాడు. ఇంటిని వంచడం కన్నా అది ఆయనకు వింతగా అనిపించింది.

నేను చడామడా తిట్టడానికి నోరు తెరిచాను. "పెద్దమ్మా, ఇది మీ ఊరి బోరింగు కాదు" వరకూ అన్నాను కూడా. ఆవిడ నా చెయ్యి పట్టుకుని వంటగట్టు పక్కకు లాగి, గొంతు తగ్గించింది.

"నాటింగ్‌హామ్ ఇంట్లో చేరినప్పుడు కూడా నేనే పొంగించినా తల్లీ. పడమటికి పొంగినాయి. నేనొక్కదాన్నే సూసినా. గబగబా తుడిచేసి తూర్పుకే పొంగినాయని అందరికీ చెప్పినా. ఏడాది తిరక్కముందే పాపకు జరమొచ్చె, కాళ్లు పాయె. ఎవురికీ చెప్పలేదు నేను. మా అమ్మాయికి గూడా చెప్పలేదు. ఈసారన్నా తూర్పుకు పొంగనీమ్మా."

నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. జబ్బుకూ పాలకూ సంబంధం లేదని చెప్పొచ్చు. కూతురే నర్సు, ఆ ముక్క ఆవిడకు చెప్పనివాళ్లు ఉంటారా? ఇన్నేళ్లు ఆ పడమటి పాలను మనసులో పెట్టుకుని మనవరాలి కాళ్లు చూస్తూ ఎలా ఉందో అని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంతలో అల్లుడు దగ్గరికొచ్చాడు. మామూలుగానే పరిష్కారాలు చెప్పే మనిషి. "అక్కా, ఒక పని చేద్దాం. రెండో మూల కూడా ఇంతే లేపితే మెలిక పోతుంది కదా? గది తెరుచుకుంటుంది. పాలు తూర్పుకు పొంగుతాయి. అత్తమ్మ హ్యాపీ. పూజ అయిపోయాక మళ్లీ దించి రోల్‌బ్యాక్ చేసేద్దాం."

అలా చేయకూడదు. ఆ కాళ్లు బరువు మోయడానికి కావు. ఇన్నేళ్లుగా నేను అరిచి గీపెట్టిన మాటే అది. కానీ పెద్దావిడ పసుపు చేతులు రెండూ జోడించి నా వైపు చూస్తోంది. ఒక్క అరగంటే కదా, ఏమవుతుందిలే అనిపించింది. నిజం చెప్తున్నాను, హ్యాండిల్ పట్టుకుని ఒక అడుగు రెండో మూల వైపు వేశాను. నా జతగాడు రసమట్టం పట్టుకుని నన్నే చూస్తున్నాడు. ఈల వేయడం లేదు.

"నన్నెవరైనా అడిగారా?"

పిల్ల గొంతు. ఎప్పుడు వచ్చిందో ర్యాంపు ఎక్కి గుమ్మంలో ఉంది. మా మాటలన్నీ విన్నట్టుంది, తెలుగు అర్థమవుతుంది కదా. ఇంగ్లీషులోనే మాట్లాడింది, నేను తెలుగులో చెప్తున్నాను.

"అమ్మమ్మా, ఇటు చూడు." కుర్చీని గుమ్మం దాటించి వంటగట్టు పక్కకు తెచ్చింది. ఇరుకు నడవ, అంతకు మించి చోటు లేదు. రెండు బ్రేకులూ తీసి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

కుర్చీ ఒక్క క్షణం ఆగింది. తర్వాత మెల్లగా, ఎవరూ తోయకుండానే, తూర్పు వైపు కదిలింది. జానెడు, రెండు జానలు. వెళ్లి మూసుకున్న గది మంచం అంచుకు ఠక్కున తగిలింది. పిల్ల తల ముందుకు ఊగింది.

"అయ్యో నా తల్లీ!" పెద్దావిడ గబుక్కున కుర్చీ పట్టుకుంది. పట్టుకుని అలాగే ఉండిపోయింది. వదిలితే మళ్లీ జారుతుందేమోనని భయం.

"నాకు రోజూ ఇంతే" అంది పిల్ల. గొంతులో కోపం లేదు. "ప్రతిచోటా ఎటో ఒక పక్కకు పోతుంటాను. ఆంటీ ఒక్కతే ఇక్కడ అలా పోనని చెప్పింది. నువ్వు పాల కోసం నన్ను తూర్పుకు పంపిస్తున్నావు."

పెద్దావిడ మనవరాలి మొహం చూసింది, చక్రాలు చూసింది. ఆ కుర్చీని ఆవిడ ఎన్నోసార్లు తోసింది. అది తనంతట తాను కదలడం మాత్రం అదే మొదటిసారి చూసిందనుకుంటాను. నా వైపు తిరిగి గట్టిగా, ఆజ్ఞ వేసినట్టు చెప్పింది.

"దించమ్మా. దించు ముందు. మళ్లీ ఎటూ వంపు లేకుండా పెట్టు."

"మరి పాలు, అత్తమ్మా?" అన్నాడు అల్లుడు.

"పాలదేముందిలే! నువ్వు ఊరికే నిలబడొద్దు, పాపను బయటికి తీసుకుపో."

అల్లుడు పిల్లను ర్యాంపు మీదుగా దింపాడు. నా జతగాడి ఈల మొదలైంది. నేను మూల కాలును తిప్పి దించాను. మట్టిలో దిగిన పలక తీసి ఇంకా వెడల్పాటిది వేసి, కాలును నేలకు ఆనించి వదిలాను. ఆయన బుడగ చూస్తూ "ఇంకొంచెం, ఇంకొంచెం, చాలు" అన్నాడు. బటన్ నొక్కే పని పెద్దావిడకే ఇచ్చాం. పసుపు వేలితో నొక్కింది. గది గోడతో, కిటికీతో, మంచంతో సహా సముద్రం వైపు సాఫీగా జరిగింది. నడవ హాలయింది. పిల్ల మళ్లీ ర్యాంపెక్కి లోపలికొచ్చి, ఆ మధ్యలో కుర్చీని చుట్టూ ఒక తిప్పు తిప్పి కేక పెట్టింది.

ముహూర్తం దాటిపోకముందే పెద్దావిడ గిన్నెకు పసుపు కొమ్ము కట్టి స్టవ్ మీద పెట్టింది. గిన్నె కింద ఒక పక్కన నాణెం పెట్టి కాస్త వంచుకోమని, ఇంటి జోలికి పోకుండా పాలను మాత్రం తూర్పుకు పంపొచ్చని ఆవిడ చెవిలో చెప్పాను. ఆవిడ నా వైపు ఎగాదిగా చూసింది. "దేవుడి దగ్గర కూడా మెకానిక్ పనులేనా?" అంది. నా చెంప మీద కొట్టినంత పనైంది, హాయిగా నవ్వొచ్చింది కూడా.

పాలు కాగుతున్నాయి. పెద్దావిడ గిన్నె మీంచి చూపు తిప్పడం లేదు, పెదాలు కదులుతున్నాయి. అల్లుడు ఫోనులో వీడియో తీస్తున్నాడు. నా జతగాడు స్టవ్ పక్కన గుడ్డ పట్టుకుని, పాలు పొంగేదాకా ఆర్పకూడదన్న నియమాన్ని కష్టపడి పాటిస్తూ నిలబడ్డాడు. మీగడ అంచులు లేచాయి. గిన్నెలో గుడగుడ మొదలైంది.

"అమ్మమ్మా, లుక్!"

పెద్దావిడ తిరిగింది. అందరం తిరిగాం. ఫోను కూడా తిరిగింది.

పిల్ల తన గది మధ్యలో, కిటికీ ఎదురుగా ఉంది. బ్రేకులు రెండూ తీసేసి, చేతులు రెండూ పైకి ఎత్తింది. కుర్చీ కదల్లేదు. అటూ కాదు, ఇటూ కాదు. వెనక సముద్రం కదులుతోంది, పిల్ల కదలడం లేదు. పెద్దావిడ మెల్లగా నడిచి వెళ్లి, కుర్చీ పక్కన కింద కూర్చుని చక్రాన్ని వేలితో ముట్టుకుంది. ఆవిడ మొహం నేను చూడలేదు, చూడాలనిపించలేదు. నా కళ్లు నాకే మసకబారాయి.

వెనక చుయ్‌మని చప్పుడైంది. పాలు పొంగాయి. మేం అటు తిరిగేసరికి నా జతగాడు, పాపం, స్టవ్ ఆర్పి నాలుగువైపులా గుడ్డతో శుభ్రంగా తుడిచేశాడు. పొంగాక తుడవకూడదని ఆయనకు ఎవరూ చెప్పలేదు మరి.

అప్పుడే ర్యాంపు మీద అడుగుల చప్పుడు. పిల్ల తల్లి, ఇంకా ఆసుపత్రి యూనిఫారంలోనే, ఆయాసపడుతూ లోపలికొచ్చింది. "అయ్యో, పొంగేశాయా? అమ్మా, ఎటు పొంగినాయి?"

అల్లుడు ఫోను చూసుకున్నాడు. అందులో ఉన్నది పిల్లే. నా జతగాడు తడిగుడ్డ వెనక దాచుకున్నాడు. స్టవ్ తళతళలాడుతోంది.

పెద్దావిడ కింద కూర్చున్నచోటు నుంచి లేవలేదు, చక్రం మీంచి చెయ్యి తీయలేదు.

"నేను సూడలేదు పోమ్మే" అంది. "పాపను సూస్తాండా."